ఎసిడిటీతో పళ్లు అరిగిపోతుంటే ఏం చేయాలి: నా అనుభవం

కొన్నేళ్లుగా పుల్లని తేన్పులు, ఛాతీలో మంట ఉన్నాయని, ఈమధ్య ముందు పళ్ల అంచులు పలచబడి చల్లని నీళ్లు తాగితే జివ్వుమని లాగుతున్నాయని రాశారు. రోజుకు మూడుసార్లు తోముకుంటున్నా ఇలా ఎందుకవుతోంది, ఇంకా గట్టిగా తోమాలా అని అడిగారు. ముందు ఆ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. గట్టిగా తోమకండి. పుల్లనీళ్లు నోట్లోకి వచ్చిన వెంటనే అయితే అసలు తోమకండి. మీ పళ్లకు వచ్చిన కష్టం శుభ్రత తక్కువై వచ్చింది కాదు, అందుకే బ్రష్ ఎక్కువ వాడితే తీరదు. నేను డాక్టరును కాను. ఇదే బాధ పడి, పళ్ల డాక్టరు, పొట్ట డాక్టరు ఇద్దరి సలహాతో పళ్లను నిలబెట్టుకుంటున్న మనిషిని. నాకు తెలిసింది, నాకు పనికొచ్చింది రాస్తున్నాను.

నాకు ఛాతీ మంట దాదాపు లేదు. పొద్దున లేవగానే గొంతు బొంగురుగా ఉండడం, పడుకున్నాక పొడి దగ్గు, నోట్లో పులిసిన రుచి, ఇవే ఉండేవి. పళ్లు క్లీనింగ్ చేయించుకోవడానికి వెళ్లినప్పుడు డెంటిస్టు చిన్న అద్దంతో పై ముందు పళ్ల వెనకవైపు, అంటే అంగిలి వైపు, చాలాసేపు పరీక్షించి, రాత్రిపూట పుల్లని నీళ్లు పైకి వస్తాయా అని అడిగారు. పళ్ల డాక్టరు పొట్ట గురించి ఎందుకు అడుగుతున్నారో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అద్దంలో చూసుకుంటే నా పళ్లు బాగానే కనిపించేవి. వెనకవైపు మాత్రం ఎనామిల్ (పంటి గట్టి పైపొర) గరుకుదనం పోయి నున్నగా మెరుస్తోంది, అక్కడక్కడ లోపలి పసుపు పొర బయటపడింది. మంట లేకుండా యాసిడ్ పైకి రావడం చాలామందిలో ఉంటుందట. అలాంటివాళ్లలో కొందరికి ఆ సంగతి మొదట పళ్లలోనే బయటపడుతుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. పొట్టలోంచి వచ్చిన యాసిడ్ గొంతు దాటి నాలుక మీదుగా ముందుకు వచ్చి పై పళ్ల వెనకభాగాన్ని తాకుతుంది. కింది ముందు పళ్లకు నాలుక అడ్డంగా ఉంటుంది, పైగా నాలుక కిందనే లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి కాబట్టి అవి చాలావరకు తప్పించుకుంటాయి. కూల్‌డ్రింకులు, పుల్లని రసాలు ఎక్కువగా తాగేవాళ్లలో పెదవి వైపు భాగం అరగడం ఎక్కువగా కనిపిస్తుంది. కింది దవడ పళ్ల మీద, నమిలే చోట చిన్న చిన్న గుంటలు పడటం ఇంకో గుర్తు. పాత ఫిల్లింగ్ ఉంటే అది కరగదు, చుట్టూ ఉన్న పన్ను మాత్రం తగ్గిపోతుంది. దాంతో ఫిల్లింగ్ పైకి లేచినట్టు కనిపిస్తుంది. మీరు రాసిన అంచుల పలచదనంతో పాటు ఈ మూడు చోట్లనూ చూడమని మీ డెంటిస్టును అడగండి.

పుచ్చు వేరు, ఈ అరుగుదల వేరు. పుచ్చులో మనం తిన్న తీపిని బ్యాక్టీరియా యాసిడ్‌గా మారుస్తుంది. ఇక్కడ బ్యాక్టీరియాతో పనిలేదు, పొట్టలోని హైడ్రోక్లోరిక్ యాసిడ్ నేరుగా పంటిని తాకుతుంది. అందుకే పాచి లేని, చక్కగా తోముకున్న నోట్లో కూడా ఇది జరుగుతుంది. నోట్లో పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. పొట్టలోని యాసిడ్ పీహెచ్ 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఈ కొలతలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. అంటే పీహెచ్ 2 ఉన్న ద్రవం, ఎనామిల్ తట్టుకోగల హద్దు కన్నా 3,000 రెట్లకు పైగా ఘాటైనది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ మరీ సున్నితం, అది 6 దాటిన పీహెచ్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కాబట్టి పైపొర పోయాక అరుగుదల వేగం పెరుగుతుంది. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు, పోయిన మందం మళ్లీ పెరగదు. మెత్తబడినంత వరకే ఉంటే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్, పేస్టులోని ఫ్లోరైడ్ కలిసి దాన్ని మళ్లీ గట్టిపరచగలవు. మన ప్రయత్నమంతా ఈ మెత్తబడిన దశ అరిగిపోయిన దశగా మారకుండా ఆపడానికే.

వెంటనే తోమవద్దన్నది అందుకే. యాసిడ్ తగిలిన పన్ను పైపొర తడిసిన గోడ సున్నంలా ఉంటుంది, అప్పుడు బ్రష్ పెడితే అది రాలి వచ్చేస్తుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఆ లోగా మామూలు నీళ్లతో బాగా పుక్కిలించండి. ఇంకా మంచిది, గ్లాసు నీళ్లలో ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయడం. సోడా క్షారం కాబట్టి యాసిడ్‌ను అక్కడికక్కడే విరిచేస్తుంది. దాన్ని మింగకండి, ముఖ్యంగా రక్తపోటు వల్ల ఉప్పు తగ్గించమన్నవాళ్లు. సోడా దొరకకపోతే కాసిన్ని పాలు నోట్లో తిప్పినా మేలే. నేను సోడా నీళ్లు ఒక సీసాలో కలిపి మంచం పక్కన పెట్టుకుంటాను. అర్ధరాత్రి నోట్లో పులుపు తగిలి మెలకువ వచ్చినప్పుడు లేచి వెళ్లి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు, చేతికి అందేంత దూరంలో ఉంటేనే వాడతాం.

అసలు నష్టమంతా రాత్రి జరుగుతుందని నా గట్టి నమ్మకం, నా డాక్టర్లిద్దరూ అదే చెప్పారు. పగలు యాసిడ్ పైకి వచ్చినా లాలాజలం దాన్ని కడిగేస్తుంది, మనం మింగుతూ ఉంటాం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. వచ్చిన యాసిడ్ పళ్ల మీద అలాగే నిలిచిపోతుంది. అందుకే మందుల కన్నా ముందు పడుకునే పద్ధతి మార్చుకోవడం నాకు ఎక్కువ మేలు చేసింది. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించడం, రాత్రి తక్కువ తినడం, మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం నేను చేసిన మార్పులు. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే చాలనుకోకండి. అలా చేస్తే నడుము దగ్గర శరీరం వంగి పొట్ట మీద ఒత్తిడి పడుతుంది, యాసిడ్ ఇంకా పైకి తోసుకొస్తుంది. ఛాతీ మొత్తం వాలుగా లేవాలి. మంచం ఎత్తడం కుదరకపోతే నడుము దాకా వచ్చే ఏటవాలు దిండ్లు దొరుకుతాయి. ఎడమ పక్కన పడుకుంటే పొట్ట అన్నవాహిక కన్నా కిందికి ఉంటుంది కాబట్టి యాసిడ్ వెనక్కి పారడం తగ్గుతుంది.

మందుల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలు పొట్టలో యాసిడ్ తయారీని తగ్గిస్తాయి, పొట్టకు అన్నవాహికకు మధ్యనున్న కండర కవాటాన్ని మాత్రం బిగించవు. ద్రవం పైకి రావచ్చు, కానీ దానిలో పులుపు తక్కువ. పళ్ల వరకు అది పెద్ద ఊరటే. ఇవి సాధారణంగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. మోతాదు, ఎంతకాలం అన్నవి డాక్టరు నిర్ణయించాలి, దుకాణంలో కొనుక్కుని ఏళ్ల తరబడి మింగేవి కావు. నమిలే యాంటాసిడ్ బిళ్లల్లో కొన్నింటిలో చక్కెర ఉంటుంది, పడుకునే ముందు నమిలితే అది పళ్ల సందుల్లో ఉండిపోతుంది. చక్కెర లేనివి అడిగి తీసుకోండి.

పేస్టు, బ్రష్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు చాలు. పెద్దలకు 1,000 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అనే లెక్క) ఫ్లోరైడ్ మామూలుగా సరిపోతుంది, అరుగుదల ఎక్కువగా ఉంటే 5,000 పీపీఎం పేస్టు డెంటిస్టు రాసిస్తారు. పళ్లు తెల్లబరుస్తామనే పేస్టులు, బొగ్గు పొడులు దూరం పెట్టండి, వాటి గరుకుదనం ఇప్పటికే పలచబడిన పన్నును ఇంకా గీకేస్తుంది. తోమాక నురుగు ఉమ్మేసి వదిలేయండి, నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

లాలాజలాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. యాసిడ్‌ను విరిచే బైకార్బనేట్ దానిలోనే ఉంది. భోజనం తరువాత చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే అది బాగా ఊరుతుంది, మళ్లీ మళ్లీ మింగడం వల్ల అన్నవాహిక కూడా శుభ్రపడుతుంది. పుదీనా రుచి కొందరిలో ఆ కవాటాన్ని వదులు చేస్తుంది, నిమ్మ రుచి గమ్‌లలో యాసిడ్ కలుపుతారు, కాబట్టి ఆ రెండూ వద్దు. అలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు నోటిని ఎండబెడతాయి. అలాంటివి వాడుతుంటే డాక్టర్లిద్దరికీ చెప్పండి. పుల్లని పానీయాలు చప్పరిస్తూ గంటల తరబడి తాగకండి, తాగాలనిపిస్తే భోజనంతో పాటు ఒకేసారి తాగేయండి.

అరిగిన పళ్లను బాగుచేయించుకోవడానికి తొందరపడవద్దనేది నా సలహా. యాసిడ్ అదుపులోకి రాకముందే ఫిల్లింగులు, క్యాపులు వేయిస్తే వాటి అంచుల చుట్టూ పన్ను మళ్లీ కరుగుతూనే ఉంటుంది. నాకు మొదట ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు, దాంతో జివ్వుమనడం చాలావరకు తగ్గింది. యాసిడ్ నెమ్మదించాకే వెనకవైపు పలుచగా కాంపోజిట్ (పంటి రంగులో ఉండే ఫిల్లింగ్ పదార్థం) వేశారు. అయితే డెంటిన్ బాగా బయటపడినా, పన్ను పగులుతున్నా ఆగకుండా చూపించుకోవాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉండి నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు తొడిగే తొడుగు) వాడుతుంటే, దాని లోపల యాసిడ్ నిలిచే ప్రమాదం ఉందని డెంటిస్టుకు గుర్తు చేయండి. మొదటి రోజే పళ్ల ఫొటోలు తీయించుకోవడం మంచిది. అరుగుదల ఆగిందా, సాగుతోందా అన్నది ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చితేనే తెలుస్తుంది, నొప్పిని బట్టి తెలియదు.

మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పళ్ల సంగతి పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (పొట్ట డాక్టరు) దగ్గరికి వెళ్లండి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతుంటే, ఊపిరి ఆడకపోతే అది గుండెకు సంబంధించినది కావచ్చు, ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే డెంటిస్టుతోనే మొదలుపెట్టండి. వెళ్లేముందు వారం పాటు పుల్లనీళ్లు ఎప్పుడెప్పుడు వచ్చాయి, రాత్రి భోజనం ఎన్నింటికి చేశారు, ఏ పన్ను లాగింది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. అదే కాగితం పొట్ట డాక్టరుకూ చూపించండి. పళ్ల డాక్టరు ఏమన్నారో పొట్ట డాక్టరుకు, పొట్ట డాక్టరు ఏ మందు రాశారో పళ్ల డాక్టరుకు మీరే చెప్పాలి, వాళ్లిద్దరూ మాట్లాడుకునే అవకాశం చాలా తక్కువ.