చిన్న కారు కొత్తదా, వాడినదా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము నలుగురం. ఏడాదికి 10,000 కిలోమీటర్లకు మించి తిరగము. మా దగ్గర ఉన్న డబ్బుకు ఒక చిన్న కారులో అన్నిటికన్నా కింది వేరియంట్ కొత్తది వస్తుంది. అదే డబ్బుకు మూడు నాలుగేళ్లు వాడిన పై వేరియంట్ కూడా దొరుకుతోంది. ఏది తీసుకోమంటారు?
– ఒక గృహిణి

జవాబు: సర్వీసు చరిత్ర పూర్తిగా చేతికి వచ్చే పక్షంలో నేను వాడిన కారు వైపే మొగ్గు చూపుతాను. కారు విలువ మొదటి రెండు మూడేళ్లలో పడిపోయినంత వేగంగా ఆ తర్వాత పడిపోదు. ఆ మొదటి నష్టమంతా ముందటి యజమాని భరించాక బండి మీ చేతికి వస్తుంది. అయితే సర్వీసు కాగితాలు లేని కారును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దనే నా సలహా. చిన్న కారు కొనేదే పొదుపు కోసం కాబట్టి, ఇంజనుకో గేర్‌బాక్సుకో ఒక్క పెద్ద మరమ్మతు వచ్చినా ఆ పొదుపు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

రెండిటినీ పోల్చేటప్పుడు ధరలను పక్కపక్కన పెట్టి చూడటం చాలదు. కొనే ధరలో నుంచి, ఐదేళ్ల తర్వాత అమ్మితే రాగలదని మీరు నమ్మే మొత్తాన్ని తీసివేయండి. మిగిలినదానికి ఐదేళ్ల ఇంధనం, బీమా, సర్వీసు, ఒక జత టైర్లు కాదు నాలుగు టైర్లూ, వాడిన కారైతే ఒక పెద్ద మరమ్మతు కలిపి, ఐదుతో భాగించండి. ఏడాదికి అయ్యే అసలు ఖర్చు అదే. ఈ లెక్క వేసినవారు చాలామంది తాము పట్టుబట్టిన మైలేజీ తేడా అంత పెద్దది కాదని గ్రహిస్తారు. మీరు తిరిగే 10,000 కిలోమీటర్లకు, లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు 625 లీటర్లు తాగితే, 20 ఇచ్చేది 500 లీటర్లు తాగుతుంది. తేడా 125 లీటర్లు. అదే నాలుగు కిలోమీటర్ల తేడా 20కీ 24కీ మధ్య అయితే 83 లీటర్లకే పరిమితం అవుతుంది, 10కీ 14కీ మధ్య అయితే 286 లీటర్ల దాకా పోతుంది. కాబట్టి ఇప్పటికే బాగా మైలేజీ ఇచ్చే రెండు చిన్న కార్ల మధ్య ఇంకొక రెండు కిలోమీటర్ల కోసం బ్రేకులనో, ఎయిర్‌బ్యాగులనో వదులుకోవడం తెలివైన పని కాదు.

కొత్త కారే సరైనదయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. బండిని పదేళ్లకు పైగా ఉంచుకోదలచినవారికి మొదటి ఏళ్ల తరుగుదల అన్ని సంవత్సరాల మీదా పంచబడి తేలికవుతుంది. నమ్మకమైన మెకానిక్ అందుబాటులో లేనివారికీ, బండి దారిలో ఆగిపోతే ఉద్యోగానికే ఇబ్బంది కలిగేవారికీ వారంటీ ఇచ్చే నిశ్చింత విలువైనదే. ఏది ఎంచుకున్నా, టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా మాత్రం వెళ్లకండి. నలుగురూ ఎక్కి, ఏసీ వేసి, ఒక ఎత్తు ఎక్కించి చూడండి. ఒక లీటరు సామర్థ్యమున్న చిన్న ఇంజను ఒక్కరితో చూపించే హుషారు నిండు బండితో చూపించకపోవచ్చు.

ప్రశ్న: నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. వాడిన కారును చూడటానికి వెళ్లినప్పుడు మెకానిక్‌ను పిలవక ముందే నేను స్వయంగా ఏమేమి పరిశీలించగలను?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: చాలానే పరిశీలించవచ్చు, అందుకు ఓపిక, పగటి వెలుతురు ఉంటే చాలు. వర్షంలోనూ, అప్పుడే కడిగిన బండి మీదా పెయింటు లోపాలు కనబడవు కనుక కారు పొడిగా ఉన్నప్పుడు వెళ్లండి. వెళ్లే ముందే ఇంజను స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. చేరగానే బోనెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే నడిపారన్న మాట. దానికి మామూలు కారణమే ఉండవచ్చు, కానీ ఇంజను చల్లారాక మళ్లీ వస్తానని చెప్పడంలో మొహమాటం అక్కరలేదు. స్టార్ట్ కావడానికి మొరాయించడం, మొదటి కొన్ని క్షణాలలో ఇంజను లోపలి గొలుసు చేసే చప్పుడు, సైలెన్సర్ నుంచి వెలువడే తొలి పొగ, ఇవన్నీ చల్లటి ఇంజనులోనే బయటపడతాయి.

పొగ రంగును గమనించండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. నల్ల పొగ వస్తే ఇంధనం అవసరానికి మించి పోతున్నట్టు. చలిలో మొదట కాసేపు తెల్లటి ఆవిరి రావడం సహజమే కానీ, ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కూడా దట్టమైన తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. ఇంజను స్టార్ట్ చేయక ముందే ఆయిల్ పోసే మూత విప్పి అడుగు భాగం చూడండి. అక్కడ మీగడలాంటి పదార్థం పేరుకుని ఉంటే ఆయిల్‌లో తేమ చేరిందని అర్థం. చిన్న చిన్న దూరాలకే వాడే కారులో ఇది కొద్దిగా కనబడటం మామూలే. కూలెంట్ మట్టం కూడా తగ్గి ఉంటే మాత్రం ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయి ఉండవచ్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి.

ఆ తర్వాత బాడీ. తలుపులకూ, బోనెట్‌కూ చుట్టూ ఉండే సందులు రెండు వైపులా ఒకే వెడల్పులో ఉన్నాయా, బోనెట్ బిగించిన బోల్టుల తలల మీద పెయింటు స్పానర్ తగిలి ఊడిందా అన్నది చూడండి. పెయింటు మందాన్ని కొలిచే చిన్న పరికరం దొరికితే ఇంకా మేలు: ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, లప్పం పెట్టిన చోట అది కొన్ని వందల మైక్రాన్లు ఎక్కువగా చూపిస్తుంది. ఒక తలుపుకు మళ్లీ పెయింటు వేసినంత మాత్రాన ఆ కారును తోసిపుచ్చనక్కరలేదు. డిక్కీలోని కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంట అడుగున రేకు ముడతలు పడిందేమో, వెల్డింగు కొత్తగా చేసి ఉందేమో మాత్రం తప్పకుండా చూడండి. అది ఢీకొన్న గుర్తు. ఆ నిర్మాణమే ఇంకొక ప్రమాదంలో మిమ్మల్ని కాపాడవలసినది.

వరద నీటిలో మునిగిన కారును అమ్మేవారు చాలా శుభ్రంగా తుడిచి ఇస్తారు, అయితే సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడటం ఎక్కువమందికి తోచదు. రీలు లోపల దాగి ఉండే ఆ చివరి మూరెడు పట్టీ మీద బురద చార కనబడితే ఇక మిగతావి చూడనవసరం లేదు. సీట్ల కింది పట్టాల మీద తుప్పు, లైట్ల అద్దాల లోపల ఆవిరి, కారణం లేకుండా గుప్పుమనే సెంటు వాసన కూడా అదే కథ చెబుతాయి.

టైరు పక్కన అచ్చైన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు దాని పుట్టిన వారాన్నీ, సంవత్సరాన్నీ తెలుపుతాయి; 3521 అని ఉంటే 2021లో 35వ వారం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చాలా దేశాలలో చట్టప్రకారమే ఆ టైరు పనికిరాదు. లోతు బాగానే ఉన్నా లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే చక్రాల అలైన్‌మెంట్‌లోనో, సస్పెన్షన్‌లోనో తేడా ఉందన్నమాట.

నడిపేటప్పుడు మ్యూజిక్ సిస్టమ్ కట్టేయించండి. నాలుగో గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కినప్పుడు ఇంజను గోల మాత్రమే పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అరిగిపోయింది. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే ముందు చక్రం వద్ద టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తే, ఇరుసు చివరనుండే సీవీ జాయింట్ మార్చవలసి ఉంటుంది. ఇవి రెండూ బాగుచేయించుకోగలిగినవే కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చు.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఇంజను దీపం అసలు వెలగనే లేదంటే ఎవరో దాన్ని పని చేయకుండా చేశారేమోనని అనుమానించాలి. ఇక మెకానిక్ చేత బండిని పైకెత్తించి అడుగు భాగం చూపించి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ కూడా పెట్టించండి. లోపాల కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చాలదు. కంప్యూటర్ స్వయంగా చేసుకునే పరీక్షలు చాలా వరకు పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, కోడ్‌లను ఇటీవలే చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు. మీరు ఎంచుకున్న మెకానిక్‌కు చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

ప్రశ్న: ఏడేళ్ల కారు, తిరిగింది 28,000 కిలోమీటర్లేనని అంటున్నారు. నమ్మవచ్చునా? నిజమే అయితే అంతకన్నా మంచి కారు ఉండదు కదా?
– ఒక పాఠకుడు

జవాబు: నమ్మాలంటే కాగితాలు మాట్లాడాలి. ప్రతి సర్వీసు బిల్లు మీదా ఆనాటి కిలోమీటర్లు రాసి ఉంటాయి. అవి క్రమంగా పెరుగుతూ ఈ అంకె దగ్గరకు చేరాలి. 28,000 తిరిగిన కారులో బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు, స్టీరింగు పైభాగం మెరుపు తేలదు, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగిపోదు.

నిజమే అయినా మీ రెండవ మాటతో నేను ఏకీభవించలేను. కారులో కొన్ని భాగాలు దూరాన్ని బట్టి అరిగితే, మరికొన్ని కాలాన్ని బట్టి పాడవుతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక బండి కదలకపోయినా చాలా తయారీదారులు సుమారు రెండేళ్లకు ఒకసారి మార్చమంటారు. టైర్లు, బ్యాటరీ, కూలెంట్, రబ్బరు గొట్టాలు కూడా అంతే. అన్నిటికన్నా ముఖ్యం టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒక క్రమంలో కదిలేలా చూసే బెల్టు; కొన్ని ఇంజన్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. దానికి కిలోమీటర్ల పరిమితితో పాటు సంవత్సరాల పరిమితి కూడా ఉంటుంది, ఏది ముందు వస్తే అది వర్తిస్తుంది. చాలా ఇంజన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజను నాశనమవుతుంది. మీరు చూసిన కారులో ఉన్నది గొలుసా, బెల్టా అని ముందు తెలుసుకోండి.

కొన్ని చిన్న మూడు సిలిండర్ల ఇంజన్లలో, ఉదాహరణకు ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ తొలి రకంలోనూ, ప్యూజో, సిట్రోయెన్ కార్లకు అమర్చిన 1.2 లీటర్ ప్యూర్‌టెక్ తొలి రకంలోనూ, ఈ బెల్టు ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఆయిల్ సకాలంలో మార్చకపోయినా, నిర్దేశించిన రకం పోయకపోయినా ఆ రబ్బరు క్రమంగా పొడిగా రాలి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది, ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. అలాంటి ఇంజనుకు తక్కువ కిలోమీటర్లు ఏ విధంగానూ హామీ కావు. ఏటా ఆయిల్ మార్చిన బిల్లులే హామీ. ఏడేళ్లలో 28,000 తిరిగి రెండే సర్వీసులు జరిగిన కారుకన్నా, 80,000 తిరిగి ప్రతి సర్వీసూ వేళకు జరిగిన కారునే నేను ఎంచుకుంటాను.

ప్రశ్న: కంపెనీ చెప్పిన మైలేజీ మాకు ఎందుకు రావడం లేదు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అంకె ప్రయోగశాలలో, నిర్ణీత వేగాలలో, నిర్ణీత ఉష్ణోగ్రతలో వచ్చినది. యూరప్‌లో పాత పరీక్షా పద్ధతి వాస్తవానికి మరీ దూరంగా ఉన్నందువల్లే 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. పాత అంకెనూ, కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టి రెండు కార్లను పోల్చకండి. మీ కారు అసలు మైలేజీ తెలియాలంటే ట్యాంకు నిండుగా పోయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, అదే పంపులో మళ్లీ నిండుగా పోయించి, తిరిగిన దూరాన్ని ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. టైర్లలో గాలి తక్కువ ఉండటం, ఊరి ట్రాఫిక్, చల్లటి ఇంజనుతో తిరిగే కొద్దిపాటి దూరాలు దానిని బాగా తగ్గిస్తాయి.

ప్రశ్న: చిన్న కార్లు ప్రమాదంలో నిలబడవని అందరూ భయపెడుతున్నారు. ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చిన చిన్న కారు పెద్ద కారంత భద్రమేనా?
– ఒక కొత్త తండ్రి

జవాబు: కాదు. రెండు కార్లు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు బరువు తక్కువ ఉన్న కారే ఎక్కువ దెబ్బ తింటుంది. ఇది భౌతిక సూత్రం, ఏ నక్షత్రాలూ దీన్ని మార్చలేవు. అందుకే ఆ ఫలితాలను ఇంచుమించు ఒకే బరువున్న కార్ల మధ్య పోల్చడానికే వాడాలి. పరీక్ష జరిగిన సంవత్సరం కూడా చూడాలి. ఈ నక్షత్రాలు ఇచ్చే, 1997లో మొదలైన యూరప్ పరీక్షా కార్యక్రమం యూరో ఎన్‌క్యాప్ తన నిబంధనలను కాలానుగుణంగా కఠినం చేస్తూ వచ్చింది. 2010 నాటి ఐదు నక్షత్రాలూ, నేటి ఐదు నక్షత్రాలూ ఒకటి కావు.

అలాగని భయపడి వెనక్కి తగ్గవద్దు. మంచి చిన్న కారుకూ, నాసిరకం చిన్న కారుకూ మధ్య తేడా చాలా ఉంది, ఎంపిక మీ చేతిలోనే ఉంది. బండి అదుపు తప్పి జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఈఎస్‌సీ ఉన్న కారునే తీసుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ అది తప్పనిసరి. పసిబిడ్డ ఉన్నారు కనుక వెనుక సీటులో బేబీ సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో సీటు సందులో చేయి పెట్టి చూడండి, మీ బేబీ సీటును తీసుకువెళ్లి అక్కడే బిగించి చూడండి. చిన్న కార్లలో వెనుకకు తిరిగి ఉండే బేబీ సీటు పెడితే ముందు కూర్చునేవారి మోకాళ్లకు చోటు మిగలకపోవచ్చు.

వాడిన కారైతే మరొక జాగ్రత్త కావాలి. జపాన్‌కు చెందిన తకాతా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో, గాలి నింపే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై చెడిపోయి, విచ్చుకునేటప్పుడు లోహపు తునకలను మనిషి మీదకు విసరడంతో పలు కంపెనీలు కోట్ల కార్లను వెనక్కి పిలిపించాయి. చవక చిన్న కార్లు కూడా వాటిలో ఉన్నాయి, కొన్నింటికి ఆ పని నేటికీ జరగలేదు. కారుకు ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరును ఆ కంపెనీ వెబ్‌సైటులోనో, అధీకృత డీలరు వద్దో ఇస్తే చేయించవలసిన రీకాల్ ఏదైనా మిగిలి ఉందో లేదో చెబుతారు. ఇలాంటి భద్రతా లోపాలను సాధారణంగా కంపెనీ ఖర్చుతోనే సరిచేస్తారు కనుక, ఆ పని పూర్తి చేయించి, చేసినట్టు కాగితం చూపించిన తర్వాతే మిగతా డబ్బు ఇస్తానని అమ్మేవారితో ముందే మాట్లాడుకోండి.