పాఠకుల ప్రశ్నలు: కెర్నల్ కోడ్‌లో ఏ లైను తీయొచ్చు, ఏది తీయకూడదు?

ప్రశ్న: లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) మెమరీ వాడకాన్ని గమనించే డామన్ కోడ్ చదువుతున్నాను. ప్రాసెస్ మెమరీని చూసే ఫైలు, ఫిజికల్ మెమరీని చూసే ఫైలు దాదాపు ఒకేలా ఉన్నాయి. రెండూ కలిపేసి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలండీ?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మొత్తంగా కలపొద్దమ్మా. మొదటిది వర్చువల్ అడ్రస్ (ప్రోగ్రామ్‌కి కనిపించే చిరునామా) పట్టుకుని, అది ఏ పేజీలో (మెమరీ ముక్కలో) ఉందో చెప్పే పేజీ టేబుల్‌లోకి దిగుతుంది. రెండోది పేజీ దగ్గర మొదలై, దాన్ని ఎవరెవరు మ్యాప్ చేసుకున్నారో రివర్స్ మ్యాపింగ్‌తో వెతుకుతుంది. ఈ రెండు దారుల్నీ ఒక ఫంక్షన్‌లో ఇరికిస్తే ఇఫ్‌లు పెరుగుతాయే గానీ కోడ్ తగ్గదు. తగ్గించదగ్గది వాటి చుట్టూ ఉంది: రెండుచోట్లా రాసిన ఒకే లెక్క, ఒకదానిలో ఒకటి దూరిన ఇఫ్‌లు, ఎవరూ వాడని ఆర్గ్యుమెంట్లు.

డామన్ మెమరీని రీజియన్లుగా విడగొట్టి, ప్రతి రీజియన్‌లోనూ ఒక పేజీని ఎంచుకుని, దాన్ని వాడారని చెప్పే యాక్సెస్డ్ బిట్ చెరిపేస్తుంది. డిఫాల్ట్‌గా 5 మిల్లీసెకన్ల తర్వాత ఆ బిట్ మళ్లీ పడిందా అని చూస్తుంది. 100 మిల్లీసెకన్లకోసారి మొత్తం తేలుస్తుంది. అంటే ఒక రీజియన్‌కి వచ్చే గరిష్ఠ లెక్క 20.

ప్రమాదమంతా ఆ బిట్ చెరిపే చోటే ఉంది. చెరిపిన వెంటనే ఫోలియో (ఒక పేజీ లేదా కొన్ని పేజీల కట్ట) మీద ‘ఈమధ్యే వాడారు’ అని చెప్పే యంగ్ గుర్తు పెట్టే లైను అనవసరంలా కనిపిస్తుంది. అది తీసేస్తే, మెమరీని ఖాళీ చేయించే రీక్లెయిమ్ కోడ్‌కి ఆ పేజీ వాడకంలో లేనట్టే కనిపిస్తుంది; బాగా వాడుతున్న పేజీలు కూడా బయటికి పోతాయి. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, మెషీన్ మందగిస్తుంది అంతే. దీన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇఫ్‌లు విప్పి మధ్యలో రిటర్న్ పెట్టినప్పుడు ఇంకో తప్పు దొర్లుతుంది. ఫోలియో తెచ్చుకున్నప్పుడు రెఫరెన్స్ (దాన్ని ఎందరు పట్టుకున్నారనే లెక్క) పెరుగుతుంది. బయటికెళ్లే ప్రతి దారిలోనూ దాన్ని తగ్గించాలి. ఒక్క దారిలో మరిచినా ఆ పేజీ ఎప్పటికీ విడుదల కాదు. పేజీ టేబుల్ లాక్‌దీ ఇదే సంగతి, దాన్ని వదలకపోతే మెషీన్ ఏకంగా బిగుసుకుపోతుంది.

ఒక ప్యాచ్‌లో ఒకటే మార్పు ఉండాలి. డామన్ ఫోల్డర్‌లోని కూనిట్ పరీక్షలు (కెర్నల్ కోడ్‌ని చిన్న భాగాలుగా పరీక్షించేవి) యూజర్ మోడ్ లినక్స్‌లో, అంటే మామూలు ప్రోగ్రామ్‌లా నడిచే కెర్నల్‌లో నడుస్తాయి, రీబూట్ అక్కర్లేదు. తర్వాత వర్చువల్ మెషీన్‌లో పాత కెర్నల్, కొత్త కెర్నల్ రెండింటి మీదా ఒకే ప్రోగ్రామ్ పెట్టి లెక్కలు పోల్చు. పేజీ ఎంపిక యాదృచ్ఛికం కాబట్టి అంకెలు అచ్చంగా కలవవు. చాలాసార్లు నడిపి చూడాలి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీయే ఉంది. డామన్ ఆన్ చేస్తే బరువవుతుందా?
– గాజువాక పాఠకుడు

జవాబు: అవదు. 8 జీబీ అంటే 4 కేబీ పేజీలు సుమారు 21 లక్షలు. డిఫాల్ట్ గరిష్ఠం 1000 రీజియన్లు, ఒక్కోదానిలో చూసేది ఒక్క పేజీయే. ర్యామ్ పెరిగినా ఈ హద్దు మారదు. భారం అనిపిస్తే శాంప్లింగ్ గడువు (పైన చెప్పిన 5 మిల్లీసెకన్లు) పెంచండి. దాంతోపాటు 100 మిల్లీసెకన్ల గడువునీ అదే నిష్పత్తిలో పెంచండి, లేకపోతే గరిష్ఠ లెక్క 20 కంటే తగ్గి వేడి (బాగా వాడే) పేజీలకీ చల్లటి (వాడని) పేజీలకీ తేడా తెలియదు.