పాత స్ప్లెండర్ మీటర్ కేబుల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఒక పాఠకుడి ప్రశ్న: మా నాన్నగారి 2004 స్ప్లెండర్ బైక్‌లో స్పీడోమీటర్ ముల్లు సున్నా మీదే ఉండిపోయింది. మీటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. కేబుల్ ఒక్కటే ఇంట్లో మార్చుకుంటే సరిపోతుందా?

మార్చుకోవచ్చు. కానీ మీటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అన్నాడని రాశారు కదా, ముందు ఆ మాట పక్కన పెట్టండి. మీ నాన్నగారి 2004 స్ప్లెండర్‌లో ముల్లు సున్నా మీద పడుకుందన్నారు సరే, కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయా లేదా అన్నది రాయలేదు. అసలు సంగతి అక్కడే తేలుతుంది. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే కదలకపోతే తప్పు మీటర్‌ది. రెండూ ఒకేసారి ఆగిపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, ఆ తర్వాత ముందు చక్రం దగ్గరున్న గేరుని (కేబుల్ లోపలి తీగని తిప్పేది అదే).

మా ఇంట్లోనూ స్ప్లెండరే. దానికి ఏడాదిలో రెండుసార్లు కేబుల్ మార్చాను. రెండోసారి మార్చాల్సి రావడం పూర్తిగా నా తెలివితక్కువతనం, అది తర్వాత చెబుతాను.

సెంటర్ స్టాండ్ వేసి వెనక క్యారియర్ మీద ఎవరినైనా కూర్చోబెట్టండి, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. మా ఇంట్లో ఆ డ్యూటీ తమ్ముడిది. హెడ్‌లైట్ కవర్ విప్పితే మీటర్ కింద కేబుల్ నట్టు కనిపిస్తుంది. స్పానర్ అక్కర్లేదు, చేత్తోనే వస్తుంది. కేబుల్ ఊడదీసి, ముందు చక్రం తిప్పుతూ లోపలి తీగ కొసను చూడండి. తీగ తిరుగుతుంటే కేబుల్ బాగానే ఉన్నట్టు, అప్పుడు మీటర్ సంగతి చూడాలి. తిరగకపోతే చక్రం దగ్గర కేబుల్‌ని పట్టుకున్న స్క్రూ విప్పి మొత్తం బయటికి లాగండి.

ఆ స్క్రూతో జాగ్రత్త. ఏళ్ల తరబడి బురద, నీళ్లు తగిలి బిగుసుకుపోయి ఉంటుంది. నేను చిన్న స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టి దాని తల అరగదీశాను. నాలుగు చుక్కల కిరోసిన్ వేసి కాసేపు ఆగి, సరిపోయే సైజు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే సరిపోయేది.

తీగ తెగి ఉంటే కొత్తది తెచ్చుకోండి. పాత కేబుల్‌ని షాపుకి పట్టుకెళ్లి పొడవు, రెండు కొసల ఆకారం పక్కపక్కన పెట్టి చూడండి, మోడల్ పేరు చెప్పి తెచ్చుకుంటే కుదరని సందర్భాలున్నాయి. తీగ తెగకుండా ఉండి, కొసలు కూడా అరగకపోతే కేబుల్ కొనొద్దు, చక్రం దగ్గరి గేరు చూపించండి. ఈ మధ్య పంక్చర్ వేయించారా? చక్రం తిరిగి బిగించేటప్పుడు ఆ గేరు చెవులు హబ్‌లోని (చక్రం మధ్య భాగంలోని) గాడుల్లో కూర్చోకుండానే నట్టు బిగిస్తే అవి వంగిపోతాయి, మీటర్ ఆగిపోతుంది.

ఇక నా తెలివితక్కువతనం. మొదటి కేబుల్ తెగినప్పుడు ఎందుకు తెగిందో ఆలోచించలేదు. కొత్తది తెచ్చి, ఇది చాలాకాలం మన్నాలని లోపల గ్రీజు కూరేశాను. తీగ తిరిగే కొద్దీ ఆ గ్రీజు మెల్లగా పైకి పాకి మీటర్‌లోకి చేరింది. మీటర్‌లో తీగకీ ముల్లుకీ నేరుగా అతుకు ఉండదు. తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దానికి తగలకుండా దగ్గరగా ఉన్న, ముల్లు బిగించిన అల్యూమినియం గిన్నె ఆ లాగుడుకి కొద్దిగా తిరుగుతుంది, సన్నటి స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంటుంది. ఆ మధ్య ఖాళీలోకి గ్రీజు పోతే ఇంకేముంది, బండి ముప్ఫైలో పోతుంటే ముల్లు అరవై చూపించింది. నాన్న వెనక కూర్చుని "ఇంత స్పీడెందుకురా" అని ఒకటే కేకలు. కొన్నాళ్లకి మీటర్ బిగుసుకుపోయింది, కొత్త తీగ కూడా తెగింది.

కాబట్టి గ్రీజు తీగ మీద పల్చగా రాయండి, పైకొసన జానెడు మేర అసలు రాయొద్దు. కొత్త కేబుల్ బిగించే ముందు దాని తీగ కొసను మీటర్‌లో పెట్టి వేళ్లతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి, గట్టిగా తిప్పితే ముల్లు కాస్త లేవాలి. బిగుతుగా ఉంటే ఎన్ని కేబుళ్లు వేసినా తెగుతూనే ఉంటాయి, అప్పుడు మీ మెకానిక్ మాటే కరెక్టు.

బిగించేటప్పుడు పాతది ఏ క్లిప్పుల గుండా వెళ్లిందో కొత్తదీ అలాగే తీసుకెళ్లండి (విప్పే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే మంచిది). కింద కొసను గేరులో పెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ నొక్కితే ఒకచోట లోపలికి దిగుతుంది. అది దిగకుండా స్క్రూ బిగించొద్దు. చివర్లో హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా కేబుల్ లాగినట్టు గానీ మడత పడినట్టు గానీ ఉండకూడదు. నడిపేటప్పుడు ముల్లు వణుకుతుంటే ముందు ఆ మడతల కోసమే వెతకండి.

మీటర్ ఆగిపోయిన రోజుల్లో తిరిగిన కిలోమీటర్లు అంకెల్లోకి ఎక్కవు. అందుకని ఈసారి ఇంజిన్ ఆయిల్ మార్చడానికి మీటర్ కోసం చూడకుండా పోయినసారి మార్చిన తేదీని బట్టి లెక్క వేసుకోండి.