చావ్‌జౌ వాళ్లింట్లో టీకి కూర్చునే ముందు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త సంవత్సరం పండక్కి చైనాలోని చావ్‌జౌ ఊళ్లో నీ ఆఫీసు స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నావనీ, తిరిగొచ్చాక వాళ్లని నీ గదికి టీకి పిలవాలనుందనీ రాశావు. ముందు అతిథి సంగతి చెప్తాను.

మన మర్యాద కొంత గుమ్మం బయటే వదిలి వెళ్లాలి తల్లీ. మనింట్లో గ్లాసు నిండా పోయకపోతే పిసినారి అంటారు. అక్కడ నిండా పోస్తే వచ్చినవాళ్లని చిన్నబుచ్చినట్టు. కప్పు 30 మి.లీ.కి మించదు, పిడి ఉండదు, నీళ్లు మరుగుతున్నవి. అంచుదాకా ఉంటే వేళ్లు కాలతాయి. అందుకే పదింట ఏడు వంతులే పోస్తారు. మిగతా మూడు వంతులు స్నేహానికి అంటారు. మద్యం మాత్రం నిండుగానే పోస్తారు, అది చూసి కంగారుపడకు.

కప్పులు మూడే ఉంటాయి. ఐదుగురు కూర్చున్నా మూడే. చైనా లిపిలో ‘పిన్’ అనే అక్షరం మూడు నోళ్లు పేర్చినట్టుంటుంది, రుచి చూడటమని అర్థం. కప్పులూ అలాగే పేరుస్తారు. మొదటి విడత పెద్దవాళ్లకీ అతిథులకీ, పోసినవాళ్లకి చివర. ఒకరి తర్వాత ఒకరికి అవే కప్పులు తిరుగుతాయి. ఎంగిలని మొహం ముడుచుకునేవు! ప్రతి విడతకీ కప్పులని మరుగునీళ్లలో, ఒకదానిలో ఒకటి దొర్లించి, నీ కళ్ల ముందే కడుగుతారు. ‘ముందు మీరు తీసుకోండి’ అని పక్కవాళ్లతో ఒకసారి అను, చాలు. మూడుసార్లు అంటే టీ చల్లారుతుంది, అక్కడ అది పెద్ద తప్పు.

కప్పుని బొటనవేలు, చూపుడువేలితో అంచు దగ్గర పట్టుకుని, మధ్యవేలు అడుగున ఆనించు. రెండు మూడు గుక్కల్లో వేడిగా తాగెయ్. చప్పుడు చేసినా తప్పులేదు. తాగాక ఖాళీ కప్పు వాసన చూడు, అసలు సువాసన అక్కడే దాక్కుంటుంది.

ఎవరైనా నీకు పోస్తుంటే చూపుడువేలూ మధ్యవేలూ మడిచి బల్లమీద రెండు మూడుసార్లు మెల్లగా తట్టు. అదే థాంక్స్, మాట ఆపనక్కర్లేదు. మారువేషంలో తిరిగిన చియెన్‌లుంగ్ చక్రవర్తి సేవకుడికి టీ పోస్తే, అందరిముందూ సాష్టాంగపడలేక వేళ్లు వంచాడని కథ చెప్తారు. కథ ఎలా ఉన్నా, చావ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమంతటా ఈ అలవాటు ఉంది. ఇక చాలనుకుంటే కప్పుని నిండుగానే ఉంచెయ్. మనలాగా ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని ఎవరూ బలవంతపెట్టరు, కానీ ఖాళీ కప్పు కనిపిస్తే మళ్లీ పోస్తారు.

వాళ్లు టీని ‘తే’ అంటారు, మన తేయాకులోని ‘తే’కి ఆ తీరం మాట చుట్టమే. తాగమనడానికి ‘టీ తిను’ అంటారు, నవ్వకు. పక్కన నువ్వులద్దిన పల్లీ మిఠాయి, పెసర పూర్ణం పెట్టిన బిళ్లలు పెడతారు. బిళ్లల్లో పంది కొవ్వు ఉండొచ్చు, నువ్వు తినవు కాబట్టి ముందే అడుగు. కానీ ఏదో ఒకటి నోట్లో వేసుకో. ఖాళీ కడుపున ఆ టీ నాలుగైదు విడతలు తాగితే తల తిరుగుతుంది, చేతులు వణుకుతాయి. సెంటు పూసుకుని వెళ్లకు.

ఇక నువ్వు పోసే రోజు. అక్కడి ఫెంగ్‌హువాంగ్ కొండ మీద పండే దాన్‌చోంగ్ ఊలాంగ్ అనే టీ ఆకు కొనుక్కో. తేనె, ఆర్కిడ్ పరిమళంది కొత్తవాళ్లకి నచ్చుతుంది. ఆకు నానబెట్టడానికి గైవాన్ అనే, మూతా సాసరూ ఉన్న కప్పు 100 మి.లీ.ది చాలు. ఆకు 7 గ్రాములు, తూకం వేసే వెయ్యి. అలవాటు లేనివాళ్లుంటే 5. నలిగిన పొడి అడుగున, నిడుపాటి ఆకు పైన ఉంచు, లేకపోతే పొడి కప్పుల్లో పడుతుంది.

గైవాన్నీ కప్పుల్నీ ముందు వేడినీళ్లతో కడిగి వేడెక్కించు. ఆకు వేసి, బాగా మరిగిన నీళ్లు కాస్త ఎత్తునించి పోసి, తేలిన నురుగుని మూతతో పక్కకి గీసి, ఆ మొదటి నీళ్లు పారబొయ్యి. గైవాన్ అంచు బయటికి తిరిగే చోటికి కిందే నీళ్లు ఆపు. చెయ్యి కాలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. మూత కొద్దిగా వారగా పెట్టి, అంచుల దగ్గర పట్టుకో. సందు మరీ సన్నగా ఉంటే నీళ్లు నెమ్మదిగా కారి టీ చేదెక్కుతుంది, వెడల్పైతే ఆకు జారుతుంది.

దాన్‌చోంగ్‌కి ఆలస్యం గిట్టదు. మొదటి నాలుగు విడతలూ 5 సెకన్లలో వంచెయ్, తర్వాత ఒక్కో విడతకి 5, 10 సెకన్లు పెంచు. ఎనిమిది విడతలదాకా బాగానే వస్తుంది. చేదొస్తే ఆకుని తిట్టకు, ముందు గడియారం చూసుకో.

పోయడమే అసలు పని. నీళ్లు ఎత్తునించి, టీ మాత్రం కప్పుల మీదికి వంగి కిందనించి. ఒక కప్పు నింపి రెండోదానికి వెళ్లావా, చివరిది కషాయమే. మూడింటి మీదా గుండ్రంగా తిప్పుతూ పొయ్యి. దాన్ని ‘సేనాని గువాన్ యు నగరం చుట్టూ గస్తీ’ అంటారు. చివరి చుక్కలు అన్నింటికన్నా చిక్కనివి, వాటిని ఒక్కో కప్పుకి ఒక్కొక్కటిగా పంచడం ‘సేనాని హాన్ షిన్ సైనికుల్ని లెక్కపెట్టడం’. చుక్క మిగల్చకు, మిగిలితే తర్వాతి విడత పాడవుతుంది. చెయ్యి ఇంకా అలవాటు పడలేదా, ముందు గోంగ్‌దావ్ బేయ్ అనే చిన్న జగ్గులోకి వంపి, అక్కణ్ణించి పంచు. ఆ పేరుకి అర్థమే న్యాయమైన కప్పు, ఛాదస్తులు తప్ప ఎవరూ తప్పుపట్టరు.

కెటిల్ ముక్కు ఎవరివైపూ ఉంచకు. మధ్యలో కొత్తగా ఎవరైనా వస్తే, ఆకులో ఇంకా సారం ఉన్నా సరే పారేసి కొత్తది వెయ్యి. రంగు పోయిన టీ ఎవరికీ పోయకు. నీ కప్పు ఎప్పుడూ చివర్నే.

హైదరాబాదు వచ్చేప్పుడు ఆకు తెచ్చుకుంటే, బోరునీళ్లతో కాచి ‘ఆ రుచి రావట్లేదు’ అని నాకు ఫోన్ చెయ్యకు. కఠినజలంలో ఆ సువాసన అణిగిపోతుంది. డబ్బా వంటింటి మసాలాల దగ్గర పెట్టకు.

పండక్కి చేతులూపుకుంటూ వెళ్లవు కదా. కమలాపండ్లు సరిసంఖ్యలో తీసుకెళ్లు. బయల్దేరేప్పుడు వాళ్లు తమ పండ్లలోంచి రెండు నీ సంచిలో పెడతారు. మనవి వెనక్కిచ్చేశారని నొచ్చుకోకు, తీసుకో.

మీ పెద్దమ్మ