జట్టులో నెమ్మదిగా తొక్కేవారి చోటు ఎక్కడ?

ప్రశ్న: నేను హనుమకొండలో జూనియర్ కళాశాల అధ్యాపకురాలిని, వయసు 46. తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే ఖర్చుల కోసం విరాళాలు సేకరిస్తూ, సహోద్యోగులు, పాత విద్యార్థులు కలిసి ఎనిమిది మందిమి డిసెంబరులో హనుమకొండ నుంచి ఏటూరునాగారం మీదుగా భద్రాచలం వరకు రెండు రోజుల సైకిల్ యాత్ర తలపెట్టాము. రోజూ ఉదయం పది కిలోమీటర్లు తొక్కడమే నా అనుభవం. మిగతా అందరూ నాకన్నా చిన్నవారు, వేగం గలవారు. నా వల్ల జట్టుకు ఆలస్యమవుతుందేమో, మధ్యలో వ్యాన్ ఎక్కవలసి వస్తే విరాళం ఇచ్చినవారికి ఏమి చెప్పుకోవాలో అన్న సంకోచంతో తప్పుకుందామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పుకోవద్దు. మీరు ఎంచుకున్న దారి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. బ్రెవే అనే దూరపు సైకిల్ యాత్రల్లో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే టీ విరామాలు, పంక్చర్లు అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్ల సగటు ఉంటే సరిపోతుంది. దాదాపు అంతే దూరాన్ని మీరు రెండు రోజులకు పంచుకున్నారు. డిసెంబరుకు ఇంకా మూడు నెలలు ఉంది కాబట్టి ప్రతి ఆదివారం ఒక దూరపు తొక్కుడు పెట్టుకొని, ముప్పై కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఏడెనిమిది చొప్పున పెంచండి. నవంబరులో ఒకసారి రామప్ప గుడి దాకా తొక్కి, తిరుగు ప్రయాణానికి సైకిల్‌ను ఏదైనా వాహనంలో వేసుకొని రండి. మరో వారం శని, ఆదివారాలు వరుసగా తొక్కి చూడండి, ఎందుకంటే మొదటి రోజు ఎవరైనా తొక్కుతారు కానీ రెండో రోజు తెల్లవారుజామున మళ్ళీ సీటు మీద కూర్చోవడమే అసలు పరీక్ష.

సీటు మాట వచ్చింది కనుక చెబుతున్నాను: దూర యాత్రల్లో చాలామందిని దింపేది కాళ్ళ నొప్పి కాదు, సరిగా అమరని సీటు. గోడకు ఆనుకొని సైకిల్ ఎక్కి, ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగుతుంది. కావలసింది ఆ కొద్ది వంపే. మన ఇళ్ళలో ఎక్కువ సైకిళ్ళకు సీటు రెండు మూడు వేళ్ళ మేర తక్కువలో ఉంటుంది, మోకాళ్ళ నొప్పికి వయసును నిందిస్తాము.

ఇక మీ అసలు ప్రశ్న. నెమ్మదిగా తొక్కేవారిని మర్యాదకో, మొహమాటానికో అందరి వెనుక పెట్టడం జట్లు చేసే పెద్ద పొరపాటు. ముందువారు ప్రతి మలుపు తరువాత కాస్త వేగం పెంచితే తోకన ఉన్నవారికి మధ్య ఖాళీ పెరుగుతూ పోతుంది, దాన్ని పూడ్చడానికి బలం తక్కువ ఉన్న మనిషే ఎక్కువ శ్రమ పడవలసి వస్తుంది. పైగా వరుసలో ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. వేగంగా వెళ్ళే జట్లలో ఈ ఆదా నాలుగో వంతు దాకా ఉంటుంది. అందుకని మీరు రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉండండి, మొదటి స్థానంలోని వారు కొన్ని కిలోమీటర్లకు ఒకసారి మారుతూ ఉండాలి, అందరికన్నా బలమైనవారు పంక్చర్ సామాను, గాలి పంపు పట్టుకొని చివరన రావాలి. కొత్తవారు గనుక మీ ముందున్న సైకిల్ వెనుక చక్రానికి ఒక సైకిల్ పొడవు దూరం పాటించండి. ములుగు దగ్గర గట్టమ్మ గుడి చడావు వచ్చినప్పుడు మాత్రం ఈ వరుస వదిలేసి ఎవరి గేరులో వారు ఎక్కి, గుడి దగ్గర అందరూ ఆగి కలుసుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి.

డిసెంబరు అంటున్నారు కనుక మరొక మాట. ఆ నెలలో మన రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, రాత్రి వాటిపై టార్పాలిన్ కప్పి అంచుల వెంట రాళ్ళు పెడతారు. ఆత్మకూరు దాటాక ఒక మంచు వేకువలో అలాంటి రాయిని నా ముందు చక్రం తాకి నేను వడ్ల కుప్పలో పడ్డాను. దెబ్బ తగలలేదు, కానీ రైతు లేచి నా మోకాలి కన్నా తన వడ్ల వంక ముందు చూశాడు, అది న్యాయమే. వెలుగు రాకముందు బయలుదేరకండి. ముందున్నవారు ‘రాయి’ అనో ‘వడ్లు’ అనో అరిస్తే ఆ మాటను ప్రతి ఒక్కరూ వెనుకకు అందించాలి. తాడ్వాయి దాటాక అడవిలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా, ఇద్దరికి తక్కువగా ఎవరూ విడిపోకూడదన్న నియమం పెట్టుకోండి.

తిండి విషయంలో ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకొకసారి ఒక అరటిపండో, పల్లిపట్టీయో, ఉప్పు వేసిన మజ్జిగో తీసుకుంటే చాలు. సాధన మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి; ఆయాసానికి కారణం తొక్కుడు అలవాటు లేకపోవడమా, రక్తం తక్కువగా ఉండడమా అన్నది దానితో తెలుస్తుంది. తలసేమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి జీవితాంతం రక్తం కావాలి కాబట్టి మీ జట్టుకు రక్తదానం చేయాలనిపించడం సహజమే, కానీ తరిగిన ఎర్ర కణాలు తిరిగి నిండడానికి వారాలు పడుతుంది. దానం యాత్ర ముగిశాక చేయండి.

వ్యాన్ ఎక్కడంలో తలవంపు ఏమీ లేదు. దాతలు కిలోమీటరుకు ఇంత అని మాట ఇచ్చి ఉంటే మాత్రం, తొక్కినవి ఎన్ని, వ్యాన్‌లో వెళ్ళినవి ఎన్ని అన్నది దాచకుండా రాయండి.

ప్రశ్న: మేము కూడా ఇలాంటి యాత్రే చేస్తున్నాము. విరాళాలు జట్టులో ఒకరి ఫోన్‌పేకు వస్తున్నాయి. అమెరికాలోని బంధువులు కూడా ఇస్తామంటున్నారు. దాతలకు పన్ను మినహాయింపు వస్తుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ పద్ధతిలో రాదు. 80జిగా అందరికీ తెలిసిన మినహాయింపు, దానికి నమోదైన సంస్థకు దాత తన పేరు మీద ఇచ్చినప్పుడే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు. మీ సభ్యుడు సొమ్మంతా పోగుచేసి పంపితే రసీదు ఆయన పేరు మీదే వస్తుంది. బంధువులు భారత పౌరులుగానే ఉండి తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే చిక్కు లేదు కానీ, అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే అది విదేశీ విరాళం అవుతుంది, దాన్ని తీసుకోవడానికి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. కనుక ఈ రోజే ఆ నంబరు పంచడం ఆపి, సంస్థ ఖాతా వివరాలను నేరుగా ఇవ్వండి. ఇప్పటిదాకా వచ్చినదాన్ని ఎవరిది వారికి తిరిగి పంపి, సంస్థకే వేయమని అడగండి. టీషర్టులు, బస, వ్యాన్ డీజిల్ మీ జేబుల్లోంచి పెట్టుకోండి.