పూడిక మట్టికి ఒక్క బకెట్ టెస్ట్ సరిపోతుందా?

ప్రశ్న: పాత డ్యామ్ వెనక చాలా ఏళ్ల పూడిక ఉంది, తీసి పొలాలకి తోలదామనుకుంటున్నారు. గట్టు పక్కన పైమట్టి ఒక బకెట్ తీసి టెస్ట్ చేయిస్తే రిపోర్ట్ బాగానే వచ్చింది. ఇక భయం లేనట్టేనా? నదిలో కొట్టుకొచ్చిన మట్టేగా అండీ, విషం ఎందుకుంటుంది?

జవాబు: ఆ ఒక్క బకెట్ చూసి భయం లేదని నేనైతే చెప్పలేనండీ. నది మట్టే, కాదనను, కానీ ఎగువన గనులుంటే వాటి నీళ్లు, ఫ్యాక్టరీలుంటే వాటి వ్యర్థాలు, పంటల మీద కొట్టిన పురుగుమందులు అన్నీ ఆ మట్టితోనే వస్తాయి. సీసం, పాదరసం, పీసీబీలు (ఒకప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన విష రసాయనాలు), డీడీటీ లాంటివి సన్నటి బంకమట్టి రేణువులకి అతుక్కుపోతాయి. నీళ్ల వేగం తగ్గగానే ఇసుక రిజర్వాయర్ మొదట్లోనే దిగిపోతుంది, సన్న బురద మాత్రం డ్యామ్ దాకా వచ్చి పేరుకుంటుంది, కాబట్టి ఇసుక ఉన్నచోట మట్టి తీస్తే రిపోర్ట్ బాగానే వస్తుంది మరి.

దానికంటే ముఖ్యం లోతు. పొడవాటి గొట్టం దించి మట్టిని నిలువునా బయటికి తీస్తారు, కోర్ అంటారు దాన్ని. నిలువునా చీల్చి పడుకోబెడితే పైన గోధుమరంగు, కింద నల్లటి బురద, మధ్యలో పెద్ద వరద తెచ్చిన ఇసుక చార కళ్లకి కనిపిస్తాయి. సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఏ పొరలో బాగా ఎక్కువుందో చూస్తే అది 1963 ప్రాంతపు మట్టి అని లెక్క, అప్పట్లో అణుపరీక్షల ధూళి ఎక్కువగా పడింది కాబట్టి. ఎగువన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడి ఉంటే పై పొర శుభ్రంగా ఉండి అసలు విషం కింద దాగి ఉంటుంది. అందుకే తవ్వే లోతు కంటే ఇంకాస్త కిందికి కోర్ తీయాలి, తవ్వాక బయటపడేది ఆ అడుగు పొరే కదా. పొరకి పొర విడిగా టెస్ట్ చేయించండి, పది చోట్ల మట్టి కలిపేసి ఒకే శాంపిల్ పంపితే చెడ్డ పొర కూడా మంచి మట్టిలో పలచబడిపోయి పాసైపోతుంది, ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి.

ఆ నల్ల బురద కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, గాలి తగిలితే పైన రంగు మారిపోతుంది. నీళ్ల కింద గాలి లేనంతకాలం లోహాలు గంధకంతో కలిసి కదలకుండా ఉంటాయి, తీసి ఆరబెడితే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, లోహాలు వానకి కారిపోతాయి. అందుకని మట్టిలో మొత్తం ఎంత ఉంది అన్నది ఒక్కటే చూస్తే చాలదు, నీళ్లలోకి ఎంత దిగుతుందో కూడా చూడాలి, దాన్నే లీచింగ్ టెస్ట్ అంటారు.

అమెరికాలో హడ్సన్ నది మీద ఫోర్ట్ ఎడ్వర్డ్ డ్యామ్‌ని 1973లో తీసేస్తే వెనకున్న పీసీబీల పూడిక దిగువకి కొట్టుకుపోయింది, 2009 నుంచి 2015 దాకా నది అడుగు తవ్వి తీయాల్సొచ్చింది.

ప్రశ్న: మా రిపోర్ట్‌లో సీసం కేజీకి 90 మిల్లీగ్రాములు అని ఉంది. ఎక్కువా, తక్కువా?

జవాబు: అది ఎండు బరువు మీద లెక్కో కాదో ముందు చూడండి, తడి మట్టి మీదైతే అంకె తక్కువగా కనిపిస్తుంది. మంచినీటి పూడికకి ఎక్కువగా వాడే గైడ్‌లైన్ ప్రకారం 35.8 లోపు ఉంటే అడుగున బతికే పురుగులకి హాని ఉండకపోవచ్చు, 128 దాటితే ఉండే అవకాశమే ఎక్కువ. మీది మధ్యలో ఉంది కాబట్టి ఆ మట్టిలో చిన్న నీటిపురుగుల్ని పది రోజులు ఉంచి ఎన్ని బతికాయో చూసే టెస్ట్ కూడా అడగండి. పొలానికి తోలేదైతే మాత్రం ఈ అంకెలు పనికిరావు, సాగునేల పరిమితులతోనే పోల్చమనండి.