నలుగురి మధ్య నిలబడే ఫైటర్: అమ్మలుకి బాబాయి ఉత్తరం

అమ్మలూ,

నువ్వు ఆడబోయే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) గురించి నిన్న ఫోన్‌లో అడిగింది వినడానికి చిన్న ప్రశ్నే. "బాబాయ్, ఒక్క ఊపులో నలుగురిని కొట్టే ఫైటర్ కావాలి. ఏ క్లాస్ తీసుకోను, ఏ ఆయుధం పట్టుకోను?" అన్నావు. రెండు ముక్కల్లో చెప్పేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ క్యారెక్టర్‌తో ఏడాదంతా వేగాల్సింది నువ్వు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. 2004లో, అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో, శుక్రవారం రాత్రులు మా అపార్ట్‌మెంట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్ ఆడేవాళ్లం. అందులో వర్ల్‌విండ్ అటాక్ అని ఒక ఫీట్ (పాత్ర నేర్చుకునే ప్రత్యేక విద్య) ఉండేది. ఆయుధం అందే దూరంలో ఎంతమంది శత్రువులుంటే అందరి మీదా తలా ఒక దెబ్బ. అది చదివాక నా కంటికి ఇంకేమీ ఆనలేదు. దాన్ని అందుకోవాలంటే డెక్స్టెరిటీ 13, ఇంటెలిజెన్స్ 13 ఉండాలి. కంబాట్ ఎక్స్‌పర్టీజ్, డాడ్జ్, మొబిలిటీ, స్ప్రింగ్ అటాక్ అనే నాలుగు ఫీట్లు ముందే తీసుకుని ఉండాలి. ఒట్టి ఫైటర్‌కి ఆరో లెవెల్ వస్తే గానీ అది చేతికి రాదు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. తీరా వచ్చేసరికి మా కథ కొండల్లోకి మళ్లింది. ఒక ట్రోల్, తర్వాత ఒక జెయింట్, చివర్లో ఒక డ్రాగన్. అన్నీ ఒంటరిగా తిరిగేవే. ఆ ఫీట్‌ని నేను వాడింది రెండే రెండు సార్లు.

కాబట్టి క్లాస్ పేజీ తెరవక ముందే మీ డీఎంని (ఆట నడిపే డంజన్ మాస్టర్‌ని) రెండు విషయాలు అడుగు. ఒకటి, ఎదురయ్యేవాళ్లు గుంపులుగా వస్తారా, ఒంటరి పెద్ద రాక్షసులా? కథ బయటపెట్టమని అడగడం కాదు, "గోబ్లిన్లూ అస్థిపంజరాలూ మందలుగా ఉంటాయా" అంటే చాలు. మంచి డీఎం ఎవరైనా చెబుతారు. రెండు, గళ్ల మ్యాప్ పరిచి బొమ్మలు పెట్టి ఆడతారా, మ్యాప్ లేకుండా మాటల్లోనే నడిపిస్తారా? ఈ రెండో ప్రశ్నని చాలామంది అడగరు. నా లెక్కలో ఆయుధాన్ని నిర్ణయించేది అదే.

ఎందుకంటే గుంపుని కొట్టే ఫైటర్‌కి బలం డ్యామేజ్ నంబర్‌లో ఉండదు, ఎన్ని గళ్లు అందుతున్నాయన్న దాంట్లో ఉంటుంది. గళ్ల మ్యాప్ మీద ఒక గడి 5 అడుగులు. మామూలు కత్తో గొడ్డలో పట్టుకుంటే నీ చుట్టూ 8 గళ్లు అందుతాయి. హాల్బర్డ్ లాంటి పొడుగు కర్ర ఆయుధానికి అందుబాటు 10 అడుగులు, అంటే 24 గళ్లు. మూడు రెట్లు. మన ఊళ్లో దసరాకి కర్రసాము చేసేవాళ్లని చూశావుగా. కర్ర తిరుగుతున్నంత మేరా ఇంకో మనిషి అడుగు పెట్టలేడు. నీ ఫైటర్‌కి కావాల్సింది ఆ జాగా.

మీరు ఆడబోయే 2024 రూల్స్‌లో ప్రతి ఆయుధానికీ ఒక మాస్టరీ, అంటే అదనపు గుణం, ఉంది. నీకు కావాల్సిన దాని పేరు క్లీవ్. అది ఉన్నవి రెండే ఆయుధాలు: గ్రేట్‌యాక్స్, హాల్బర్డ్. ఒకణ్ణి కొట్టి దెబ్బ తగిలితే, వాడికి 5 అడుగుల లోపల ఉండి నీకూ అందే ఇంకొకడి మీద వెంటనే మరో దెబ్బ వేయొచ్చు. దానికి మళ్లీ డైస్ వేయాలి, ఆ రెండో దెబ్బకి స్ట్రెంగ్త్ కలవదు, ఒక టర్న్‌కి ఒక్కసారే.

రెండిట్లో ఏది? గ్రేట్‌యాక్స్ డ్యామేజ్ 1డి12 (12 ముఖాల డైస్ ఒకటి), హాల్బర్డ్‌ది 1డి10. సగటున తేడా ఒక్క పాయింటు. కానీ గొడ్డలితో క్లీవ్ చేయాలంటే ఇద్దరూ నీకు ఆనుకునే ఉండాలి. హాల్బర్డ్‌తో అయితే ముందున్నవాణ్ణీ వాడి వెనక నక్కినవాణ్ణీ కలిపి కొట్టొచ్చు. తలుపు దగ్గర నిలబడి చూడు, తేడా అక్కడ తెలుస్తుంది. ఎదురుగా ఒక్కడే పట్టే సందులో గొడ్డలికి క్లీవ్ పనే చేయదు, హాల్బర్డ్‌కి చేస్తుంది. మ్యాప్ పరిచి ఆడేవాళ్లయితే ఇంకో ఆలోచన పెట్టుకోకు, హాల్బర్డ్ తీసుకో. మాటల్లోనే ఆడేవాళ్లయితే ఈ గళ్ల లెక్కంతా గాల్లో కలిసిపోతుంది. అప్పుడు గ్రేట్‌యాక్స్ పట్టిన బార్బేరియన్ మేలు.

బార్బేరియన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని మొరటు క్లాస్ అని పక్కన పెడతారు. పాత మాన్స్టర్ మాన్యువల్‌లో గోబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). హాల్బర్డ్ క్లీవ్ దెబ్బ 1డి10 మాత్రమే కాబట్టి తగిలినా ఆ గోబ్లిన్ చచ్చే అవకాశం పదింట నాలుగు. రేజ్‌లో (కోపావేశంలో) ఉన్న బార్బేరియన్‌కి మాత్రం క్లీవ్ దెబ్బకీ +2 కలుస్తుంది, ఎందుకంటే రేజ్ బోనస్ స్ట్రెంగ్త్‌తో కొట్టే ప్రతి దెబ్బకీ వర్తిస్తుంది. 1డి12+2 అంటే మూడింట రెండు సార్లు గోబ్లిన్ పోతుంది. రెండో లెవెల్‌లో వచ్చే రెక్లెస్ అటాక్ (రెండు డైస్ వేసి మంచిది ఉంచుకోవడం) కలిపితే, 15 ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) ఉన్నవాడి మీద అయిదో లెవెల్‌లో 65 శాతం ఉండే నీ గురి దాదాపు 88కి చేరుతుంది. నిన్ను కొట్టేవాళ్లకీ అదే సౌకర్యం దొరుకుతుంది, నిజమే. కానీ రేజ్‌లో మామూలు ఆయుధాల దెబ్బలు సగమే తగులుతాయి. గుంపు మధ్య నిలబడటానికే పుట్టిన క్లాస్ అది.

అయినా నీకు ఫైటరే చెబుతాను. నువ్వు చదరంగం ఆడే పిల్లవి, ఒక ఎత్తు వేసే ముందు మూడు ఎత్తులు చూస్తావు. రేజ్ చేసి గొడ్డలి ఊపడం రెండు నెలల్లో నీకు విసుగొస్తుంది. ఫైటర్‌లో మూడో లెవెల్‌కి బ్యాటిల్ మాస్టర్ శాఖ తీసుకో. అందులో స్వీపింగ్ అటాక్ అని ఒక మనూవర్ (యుద్ధపు ఎత్తు) ఉంది. ఒకణ్ణి కొట్టినప్పుడు పక్కవాడికి కూడా 1డి8 డ్యామేజ్, నీ మొదటి డైస్ వాడి ఏసీని కూడా అందుకుంటే చాలు. దాన్ని క్లీవ్‌తో కలుపు: పక్కవాడికి స్వీపింగ్ 1డి8, ఆపైన క్లీవ్ 1డి10. రెండూ తగిలితే సగటున 10. నువ్వు నేరుగా గురిపెట్టని గోబ్లిన్ పోతుంది. దానితోపాటు పుషింగ్ అటాక్ కూడా తీసుకో, ఎందుకో తర్వాత చెబుతాను.

బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతం) సోల్జర్ పెట్టుకో. స్ట్రెంగ్త్ 15కి 2 కలిపి 17, కాన్‌స్టిట్యూషన్ 14కి 1 కలిపి 15 చెయ్యి. సోల్జర్‌తో వచ్చే సావేజ్ అటాకర్ ఫీట్‌తో టర్న్‌కి ఒకసారి డ్యామేజ్ డైస్ రెండుసార్లు వేసి మంచిది ఉంచుకోవచ్చు. అందరూ దాన్ని మొదటి దెబ్బ మీద ఖర్చు చేసేస్తారు. నువ్వు క్లీవ్ దెబ్బ కోసం దాచు. ఇందాక పదింట నాలుగన్నానే, అది 64 శాతం అవుతుంది.

జాతి డ్రాగన్‌బార్న్. ఇది అందం కోసం చెప్పడం లేదు. కొత్త రూల్స్‌లో అటాక్ యాక్షన్‌లో ఒక దెబ్బ వదులుకుని దాని బదులు ఊపిరి వదలొచ్చు, 15 అడుగుల కోన్ లేదా 30 అడుగుల గీత. మొదట 1డి10, అయిదో లెవెల్ నుంచి 2డి10. మొదటి లెవెల్ నుంచే నిజమైన ఏరియా దెబ్బ ఉన్న ఫైటర్ అంటే ఇదే. రోజుకి రెండు సార్లతో మొదలై అయిదో లెవెల్‌కి మూడు సార్లవుతుంది.

మొదట ఇచ్చే సామాను మూట వద్దు, దాని బదులు 155 బంగారు నాణేలు తీసుకో. చెయిన్ మెయిల్ 75, హాల్బర్డ్ 20, దూరం నుంచి విసరడానికి నాలుగైదు జావెలిన్లు. మిగిలినవి తాళ్లకీ దివిటీలకీ. ఫైటింగ్ స్టైల్ దగ్గర గ్రేట్ వెపన్ ఫైటింగ్ నిన్ను పిలుస్తుంది, వెళ్లకు. హాల్బర్డ్ సగటు 5.5 నుంచి 5.8 అవుతుంది, అంతే. డిఫెన్స్ తీసుకో, ఏసీ 17 వస్తుంది. పులీ మేకా ఆటలో పులి ఓడిపోయేది బలం చాలక కాదు, మేకలు చుట్టూ చేరి కదలనివ్వక. నలుగురి మధ్యకి వెళ్లే మనిషి ముందు తను బతికి ఉండాలి కదా.

నాలుగో లెవెల్‌లో పోల్‌ఆర్మ్ మాస్టర్ ఫీట్. స్ట్రెంగ్త్ 18 అవుతుంది, బోనస్ యాక్షన్‌లో కర్ర వెనక కొసతో 1డి4 దెబ్బ వస్తుంది, దానికి స్ట్రెంగ్త్ వల్ల వచ్చే 4 కూడా కలుస్తుంది. ఆ కొస మొద్దు దెబ్బ కొడుతుంది, ఇక్కడే ఒక రహస్యం ఉంది. అస్థిపంజరాలకి మొద్దు దెబ్బ రెట్టింపు తగులుతుంది, వాటి హిట్ పాయింట్లు 13. అందరూ తక్కువగా చూసే ఆ చిన్న దెబ్బే రెండింట ఒకసారి అస్థిపంజరాన్ని కూల్చేస్తుంది. ఇంకో లాభం, ఎవడైనా నీ 10 అడుగుల వలయంలోకి అడుగు పెడుతుండగానే రియాక్షన్‌తో (ఎదుటివాడి టర్న్‌లోనే వాడే అవకాశంతో) కొట్టొచ్చు. క్లీవ్ టర్న్‌కి ఒకసారి కాబట్టి, వాళ్ల టర్న్‌లో కొట్టిన ఆ దెబ్బకీ పక్కవాడు చిక్కుతాడు. రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే, దాన్ని ఎవడి మీద వాడాలో ముందే అనుకో. ఆరో లెవెల్‌లో ఫైటర్‌కి అదనంగా వచ్చే ఫీట్‌తో సెంటినెల్ తీసుకుంటే, నీ వలయం దాటి పోబోయి దెబ్బ తిన్నవాడు అక్కడే ఆగిపోతాడు.

మిగతా దారులు క్లుప్తంగా. ఎల్డ్రిచ్ నైట్‌ని (మంత్రాలు కూడా వేసే ఫైటర్‌ని) ఫైర్‌బాల్ కోసం తీసుకోకు, ఆ మంత్రం దానికి 13వ లెవెల్లో వస్తుంది, చాలా ఆటలు అక్కడిదాకా నడవవు. హంటర్ రేంజర్‌కి 2014 పుస్తకంలో 11వ లెవెల్లో వాలీ, వర్ల్‌విండ్ అటాక్ ఉండేవి, కొత్త పుస్తకంలో తీసేశారు. నువ్వు బాల్డర్స్ గేట్ 3 ఆడావు కాబట్టి అవి గుర్తుండొచ్చు. ఆ వీడియో గేమ్‌లో క్లీవ్ కూడా వేరు, సగం డ్యామేజ్‌తో ముగ్గురిని కొడుతుంది. ఆ అలవాటుతో ఇక్కడ లెక్కలు వేయకు. ఫైటర్ అనే పేరు మీద పట్టు లేదు, గుంపు కరిగిపోతే చాలు అంటే మాత్రం ఇనుప కవచం తొడిగిన క్లెరిక్ కావచ్చు. అయిదో లెవెల్లో స్పిరిట్ గార్డియన్స్ వేసి నడుచుకుంటూ వెళ్తే చుట్టూ 15 అడుగుల్లో ఉన్నవాళ్లకి 3డి8. దెబ్బలు తిని కాన్సన్‌ట్రేషన్ పోతే మంత్రమూ పోతుంది.

మీ రూమ్మేట్ విజార్డ్ (మంత్రాలు వేసే క్లాస్) అన్నావు కదా. ఆ అమ్మాయి అయిదో లెవెల్లో ఫైర్‌బాల్ వేస్తుంది, 20 అడుగుల రేడియస్‌లో 8డి6, సగటున 28. తప్పించుకున్నవాడికి కూడా సగం. ఆ నంబర్ చూసి మనసు చిన్నబుచ్చుకోకు, పోటీ పడకు. ఆమెకి ఆ లెవెల్లో అలాంటి స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) రెండే, నీ హాల్బర్డ్ మూడో గదిలోనూ అలాగే తిరుగుతుంది. 1978 నాటి పుస్తకంలోనే ఒక హిట్ డైస్ కూడా లేని బలహీనుల మీద ఫైటర్ తన లెవెల్ ఎంతో అన్ని దెబ్బలు కొట్టొచ్చని ఉంది. గుంపుని ఆపడం మొదటినుంచీ మన పనే.

ఆమెతో ఆట ముందే మాట్లాడుకో. నువ్వు గుంపులోకి దూకాక ఫైర్‌బాల్ వేస్తే నువ్వూ కాలతావు, కాబట్టి మొదటి టర్న్ ఆమెది, తర్వాతే నువ్వు కదలాలి. లేదా ఆమె వెబ్ (సాలెగూడు మంత్రం) వేసి దారి మూసేస్తే నువ్వు అంచున నిలబడి 10 అడుగుల దూరం నుంచి కొట్టు. పుషింగ్ అటాక్ తీసుకోమన్నది ఇందుకే. బయటపడ్డవాణ్ణి 15 అడుగుల దాకా మళ్లీ అందులోకే నెట్టొచ్చు. మీ బృందంలో డ్రూయిడ్ ఉంటే స్పైక్ గ్రోత్ వేయమను. ఆ ముళ్ల మీద ప్రతి 5 అడుగులకీ 2డి4. నువ్వు 15 అడుగులు నెడితే 6డి4. నీ ఒక్క దెబ్బతో వచ్చే డ్యామేజ్ కంటే అదే ఎక్కువ.

డీఎం తెలివైనవాడైతే రెండు మూడు ఆటల తర్వాత శత్రువుల్ని విడివిడిగా నిలబెడతాడు. అప్పుడు టెన్షన్ పడకు. వెనకున్న విజార్డ్ దగ్గరికి వెళ్లాలంటే వాళ్లు ఏ దారిన రావాలో చూసి ఆ దారిలో నిలబడు. ఒక సంగతి గుర్తుంచుకో: అందుబాటు 10 అడుగులు కాబట్టి నిన్ను ఆనుకుని ఉన్నవాడు ఒక గడి వెనక్కి వేసినా నీ వలయంలోనే ఉంటాడు, వాడి మీద ఆపర్చునిటీ అటాక్ (అందుబాటు దాటి పోయేవాడి మీద వేసే దెబ్బ) రాదు. హాల్బర్డ్ పట్టిన కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు.

శనివారం రాత్రి ఫోన్ చెయ్యి, డీఎం ఏం చెప్పాడో విని క్యారెక్టర్ షీట్ ఇద్దరం కలిసి నింపుదాం. నా పాత డైస్ సంచి మీ నాన్న చేత పంపుతున్నాను. అందులో ఆకుపచ్చ డి10 ఉంటుంది, హాల్బర్డ్‌కి అది వాడు.

నీ
బాబాయి